ఐదుకు ఐదూ

ఆ కంపెనీలో అతన్ని సొంత పేరుతో పిలిచే మనిషి ఒక్కడూ లేడు. అందరికీ అతను తుప్పు మేస్త్రి. జీతాలిచ్చే గుమాస్తాకు కూడా కాస్త తల గోక్కుంటే గాని అసలు పేరు గుర్తొచ్చేది కాదు. ఏ తుపాకీ చేతికిచ్చినా దీపం కింద పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మొట్టమొదట "తుప్పు" అనేవాడు. తుప్పు లేకపోయినా అనేవాడు. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త రివాల్వరు చూపిస్తే "రేపు పడుతుంది లెండి" అన్నాడు. శుభం పలకరా అంటే ఇంకేదో పలికే రకం.

విలువైన సరుకును వ్యాన్లలో చేరవేసే కంపెనీ అది. వ్యానుకొక డ్రైవరు, ఒక గార్డు, గార్డు నడుముకొక రివాల్వరు. రివాల్వర్లన్నీ సాయంత్రం కిటికీ లేని ఒక గదికి చేరతాయి, పొద్దున మళ్ళీ బయటికి పోతాయి. మధ్యలో వాటిని తుడిచేదీ, నూనె పెట్టేదీ, మరమ్మతు చేసేదీ మేస్త్రే. గది వెనక ఇసుక బస్తాలు పేర్చిన పొడుగాటి షెడ్డు ఉండేది. బాగుచేసిన తుపాకీని అక్కడ పేల్చి చూసేవాడు.

నిజానికి అతను కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. సందు చివర చిన్న కొట్టులో మిషన్ల కింద వెల్లకిలా పడుకుని నూనె మొహాన కార్చుకుంటూ బతికేవాడు. అక్క మొగుడు ఆ కంపెనీలో గార్డు. ఒకరోజు బావ కొట్టు ముందు నిలబడి, "ఒరేయ్, ఆడవాళ్ళ మిషన్లతో ఎన్నాళ్ళురా? మా దగ్గర తుపాకులు చూసేవాడు మానేశాడు. సూదికీ సుత్తికీ పెద్ద తేడా ఏముంది, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడని సామెత ఊరికే పుట్టలేదు. ఆ రోజు నుంచి మేస్త్రి తినే ప్రతి ముద్దలోనూ బావ మాట సాయం ఉంది. ఆ సంగతి అతనెప్పుడూ మరిచిపోలేదు, బావ ఎప్పుడూ గుర్తుచేయలేదు.

పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తుప్పు" అనేవాడు. సెలవు రోజు మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం. మిగిలిన రోజులన్నీ ఆ భోజనం కోసం ఎదురుచూడ్డం. అతని సంసారమంతా అదే.

కొత్త గార్డులొస్తే వాళ్ళకు పాఠం చెప్పే పని కూడా అతనికే అంటగట్టారు. అది అతనికి ఇష్టమే, పైకి మాత్రం విసుక్కునేవాడు.

"చూడండి నాయనా, రివాల్వరంటే ఆరు తూటాలని సినిమాలు చూసి రాకండి. ఐదు గదులవి ఉన్నాయి, ఏడువి ఉన్నాయి, ఎనిమిదివీ ఉన్నాయి. ఇదిగో ఈ గుండ్రటి చక్రం, దీన్నే సిలిండరంటారు, తెరిచి గదులు లెక్కపెట్టుకోండి. తర్వాత గొట్టం మీద చెక్కింది చదవండి. ముప్పై ఎనిమిది అని రాసున్న తూటాలన్నీ అన్నదమ్ములు కావు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలైపోతారా? ఒకడు పొట్టిగా లావుగా ఉంటాడు, ఇంకొకడు సన్నగా పొడుగ్గా ఉంటాడు. వీడి గదిలో వాడు దూరడు. వీళ్ళ మీద ఇంకో పెద్దన్న ఉన్నాడు, మూడొందల యాభై ఏడు. ఆ పెద్దన్న గదిలో ఈ సన్నపొడుగువాడు హాయిగా పడుకుంటాడు, పేలతాడు కూడా. పెద్దన్నను తెచ్చి వీడి గదిలో పడుకోబెడితే కాళ్ళు బయటికొస్తాయి. కాదు కూడదని ఎలాగో కుక్కి పేల్చారా, చక్రం ముక్కలై మీ మొహానే పడుతుంది. పట్టడం వేరు, సరిపోవడం వేరు. పెళ్ళి సంబంధం లాగే."

పెళ్ళి కానివాడు ఈ మాట అంటుంటే కుర్ర గార్డులు కిసుక్కున నవ్వేవారు. అతనూ దానికోసమే అనేవాడు.

ఆ కంపెనీలో ఇంకో పద్ధతి ఉంది. ఆరు గదుల చక్రంలో ఐదే నింపాలి, తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి కింద గది ఖాళీగా ఉంచాలి. పూర్వం తుపాకులు చేయి జారి కింద పడితే వాటంతటవే పేలేవట, అప్పటి భయం. ఇప్పటి తుపాకులకు ఆ జబ్బు లేదు, పద్ధతి మాత్రం పోలేదు. "అయితే మొదటిసారి నొక్కితే ఖాళీయేగా?" అని కొత్తవాళ్ళలో ఎవడో ఒకడు తెలివిగా అడిగేవాడు. ట్రిగ్గర్ లాగితే ముందు చక్రం తిరుగుతుందనీ, పక్క గదిలోని తూటా వచ్చి సుత్తి కింద నిలబడుతుందనీ, ఆ తర్వాతే దెబ్బ పడుతుందనీ మేస్త్రి తిప్పి చూపించేవాడు. సాయంత్రం తుపాకులు తిరిగొచ్చినప్పుడు ప్రతి గార్డూ ఐదు తూటాలు అరచేతిలో పోసి చూపించాలి. ఐదుకు ఐదూ ఉంటే ఆ రోజు క్షేమంగా గడిచినట్టు. తూటాల సంగతిలో ఆ కంపెనీవాళ్ళకు తెలిసిన లెక్క అదొక్కటే. ఎన్ని అని చూస్తారు గాని ఎలా ఉన్నాయని చూడరు.

బావకు చూపుడువేలు కణుపు దగ్గర వాపు వచ్చింది. మొదట్లో పొద్దున పూటే బిగుసుకునేది, రానురాను రోజంతా బిగుసుకునేది. మందులు వాడాడు, కాపడం పెట్టాడు, ఎవరికీ చెప్పకుండా దాచాడు. ఏటా జరిగే గురి పరీక్ష దగ్గరపడింది. ఒక సెలవు రోజు అన్నం వడ్డిస్తూ అక్క ఆ మాట ఎత్తింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకు వేలు వంగడం లేదురా. ట్రిగ్గర్ లాగాలంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయట. పరీక్ష తప్పితే నడుము మీది తుపాకీ తీసేసుకుని, చేతికి కర్ర ఇచ్చి గేటు దగ్గర కూర్చోబెడతారట. ఆయన ఆ అవమానం పడలేరు. నీ చేతిలో పనేగా, ఏదైనా చెయ్యరాదూ?"

బావ పళ్ళెంలోకి చూస్తూ కలుపుకుంటున్నాడు. చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. ఎప్పుడూ "ఏరా తుప్పూ, కూరలో కూడా తుప్పు కనిపిస్తోందా?" అని ఆటపట్టించే మనిషి ఆ రోజు తల ఎత్తలేదు. అది చూసి మేస్త్రికి అన్నం సహించలేదు.

మర్నాడే బావ రివాల్వరు విప్పాడు. సుత్తిని ముందుకు విసిరేది లోపలి స్ప్రింగు. అది గట్టిదైతే ట్రిగ్గర్ లాగడం కష్టం, మెత్తదైతే సుఖం. గట్టిది తీసి మెత్తటిది వేశాడు. కంపెనీ ఒప్పుకునే పని కాదది. అయినా పని నిక్కచ్చిగానే చేశాడు. వెనక షెడ్డులో ఇసుక బస్తాల ముందు నిలబడి తూటాల మీద తూటాలు పేల్చి చూశాడు. ఒక్కటీ తప్పలేదు. బావ పరీక్షలో నెగ్గాడు. ఆ వారం అక్క ఇంట్లో నవ్వులే నవ్వులు. బావ అతని వీపు మీద ఒక్కటి చరిచి, "ఒరేయ్, నువ్వు కుట్టుమిషన్ దగ్గరే ఉండుంటే నా గతి ఏమయ్యేదిరా" అన్నాడు. మేస్త్రి జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.

కొంతకాలానికి తూటాలు మారాయి. పాత తయారీదారు సరఫరా ఆపేశాడు, ఇంకొకరి దగ్గర కొన్నారు. కొలత అదే, పేరు అదే, పొడుగూ లావూ అంతే. మేస్త్రి కొత్త తూటాలను ఉన్న రివాల్వర్లన్నిటిలోనూ పెట్టి, చక్రం తిప్పి, తీసి చూశాడు. అన్నీ చక్కగా పట్టాయి. షెడ్డులోకి వెళ్ళి చేతికందిన రెండు మూడు తుపాకులతో పేల్చాడు, పేలాయి. ఆ వేళ బావ వ్యాను మీద బయటికి వెళ్ళాడు గనక అతని తుపాకీ అక్కడ లేదు. సాయంత్రం వచ్చాక పెట్టి చూశాడు, పట్టింది. ఇంక పేల్చి చూడలేదు. ఊళ్ళో అందరికీ పాఠం చెప్పినవాడు తన దాకా వచ్చేసరికి ఆ పాఠమే మరిచిపోయాడు.

ఆ తర్వాత జరిగింది పట్టపగలు జరిగింది. దుకాణాల వీధిలో వ్యాను ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీస్తున్నాడు. ఇద్దరు మనుషులు వచ్చారు, ఒకడి చేతిలో కత్తి. బావ రివాల్వరు తీసి ఎదురుగా నిలబడ్డాడు. వీధిలో వాళ్ళంతా చూశారు. తుపాకీ చాపి నిలబడ్డాడు, కాల్చలేదు. కత్తిపోటుకు డ్రైవరు అక్కడికక్కడే కుప్పకూలి ప్రాణం వదిలాడు.

దొంగలు రెండో రోజే దొరికిపోయారు, చేసింది ఒప్పుకున్నారు. కాబట్టి పేలని తుపాకీతో పోలీసులకు పెద్దగా పని పడలేదు. కంపెనీకి మాత్రం పడింది. భద్రతాధికారి బావ తుపాకీ తెరిచి, తూటాలు బల్ల మీద పోసి, వేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపాడు. ఐదుకు ఐదూ ఉన్నాయి.

"నొక్కానండీ" అన్నాడు బావ.

"నొక్కితే ఇవి ఇక్కడెందుకు ఉంటాయి?" అన్నాడు భద్రతాధికారి.

వీధిలో దుకాణంవాడు బొమ్మలా నిలబడ్డాడన్నాడు. పక్క దుకాణంవాడు చేతులు వణికాయన్నాడు. తోటి గార్డులు అతను వస్తుంటే మాటలు ఆపేశారు. నలుగురూ కలిసి మేకను కుక్కను చేసిన కథ ఉందే, సరిగ్గా అలాగే జరిగింది. వారం తిరిగేసరికి బావ తనను తానే నమ్మడం మానేశాడు. వీధి వైపు తలుపు వేసుకుని వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అక్క పిలిస్తే, "నొక్కాననే అనుకున్నానే. చప్పుడు రాలేదు. రాలేదంటే నొక్కలేదనేగా?" అనేవాడు. తినేవాడు కాదు. ఎప్పుడూ గడ్డం గీసుకోకుండా గడప దాటని మనిషి మొహమంతా మాసిపోయింది. ఇలాగే ఇంకొన్నాళ్ళు పోతే మనిషి దక్కడని అక్కకు దిగులు పట్టుకుంది.

విచారణకు రెండు రోజుల ముందు ఆ రివాల్వరునూ, కవర్లో వేసిన తూటాలనూ మేస్త్రి గదికి పంపారు. తుపాకీ పనిచేస్తోందో లేదో చెప్పమన్నారు. మేస్త్రి దీపం కింద పెట్టాడు. మొదటిసారి అతని నోటి వెంట "తుప్పు" అన్న మాట రాలేదు. తూటాలు అరచేతిలో పోసుకుని బోర్లించాడు.

తూటా అడుగున మధ్యలో చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, ప్రైమరంటారు. సుత్తి దెబ్బకు అది నొక్కుకుపోయి అంటుకుంటేనే లోపలి మందు అంటుకుంటుంది. ఐదింటిలో రెండింటి బిళ్ళలు నున్నగా ఉన్నాయి. మూడింటి మీద సొట్టలు ఉన్నాయి. వేలిగోరుతో తడిమితే తెలిసేంత, అంతకు మించి లోతు లేదు.

బావ నొక్కాడు. ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ సుత్తి వచ్చి కొట్టింది, మూడుసార్లూ దెబ్బ చాలలేదు.

తూటాలదే లోపమేమో అన్న ఆశతో పెట్టెలోంచి ఇంకో కొత్త తూటా తీసి వేరే రివాల్వర్లో పెట్టి షెడ్డులో పేల్చాడు. పేలింది. అలాంటిదే ఇంకొకటి బావ రివాల్వర్లో పెట్టి లాగాడు. టిక్కుమంది, అంతే. ఇంకోటి పెట్టి లాగాడు, మళ్ళీ టిక్కు. కొత్త తూటాల బిళ్ళలు పాతవాటికన్నా గట్టివి. గట్టి స్ప్రింగున్న తుపాకులకు ఆ తేడా లెక్కలోది కాదు. తను వేసిన మెత్తటి స్ప్రింగుకు మాత్రం వాటిని పేల్చే బలం చాలదు. డ్రైవరును చంపింది కత్తే, కాదనలేం. కానీ ఆ కత్తికి అడ్డం పడాల్సినదాన్ని తను చేతులారా చచ్చుదాన్ని చేశాడు.

ఆ గదిలో అతనొక్కడే ఉన్నాడు. సొట్టలున్న మూడు తూటాలను చొక్కా జేబులో వేసుకున్నాడు, పెట్టెలోంచి మూడు నున్నటివి తీసి కవర్లో వేశాడు. బావకు చూపించడానికే తీసుకెళుతున్నానని మనసుకు చెప్పుకున్నాడు. అయితే కవర్లో లెక్క ఎందుకు సరిచేశావురా అని ఎవరైనా నిలదీసి ఉంటే మాత్రం నీళ్ళు నమిలేవాడు.

అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూర్చుని బావ యూనిఫాం గుండీలు తుడుస్తోంది. కంపెనీకి తిరిగి ఇచ్చేయాలట. మేస్త్రి ఎదురుగా కూర్చుని నసగకుండా చెప్పేశాడు. స్ప్రింగు సంగతి, తూటాల సంగతి, సొట్టల సంగతి. అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అడిగింది నేనేగా" అంది.

"చేసింది నేను అక్కా."

"ఆయన నొక్కారా? నిజంగానా?"

"మూడుసార్లు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వెనక గది తలుపు దగ్గర చప్పుడైంది. బావ నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలీదు, చెయ్యి మాత్రం చాపాడు. మేస్త్రి జేబులోంచి మూడు తూటాలూ తీసి ఆ చేతిలో పెట్టాడు. బావ వాటిని వాకిట్లోకి తెచ్చి, ఎండకు తిప్పి, ఒక్కొక్క దాని అడుగునా వాచిన వేలితో తడిమాడు. వేలికి సరిగా తెలియలేదేమో, బొటనవేలితో మళ్ళీ తడిమాడు.

"ఇది మొదటిది కావచ్చు" అన్నాడు. "వాడు ఇంకా దూరంగానే ఉన్నాడు. డ్రైవరు నా వైపు చూశాడు, కాల్చమన్నట్టు. నొక్కాన్రా. నొక్కాను." అని అలా నిలబడే భోరుమన్నాడు. అక్క లేచి వెళ్ళి పట్టుకుంది. అన్నేళ్ళ పరిచయంలో బావ ఏడవడం మేస్త్రి చూడటం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం బావ గడ్డం గీసుకున్నాడు, కడుపునిండా తిన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ మామూలుగా అడిగాడు. "ఎల్లుండి విచారణలో ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను బావా. అందరి ముందూ చెప్తాను."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"కేసు కూడా పెడతారేమో."

"పెట్టనీ. నిన్ను పిరికివాడన్న ప్రతివాడి నోరూ మూతపడాలి. నాకంతే."

బావ తూటాలు మూడూ తిరిగి మేస్త్రి జేబులో వేసి, జేబు మీద ఒకసారి తట్టాడు.

విచారణ మేనేజరు గదిలో. బల్లకు అటు మేనేజరు, భద్రతాధికారి. ఇటు గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో డ్రైవరు భార్య, ఆమె పక్కన వాళ్ళన్నయ్య, ఈ చివర మేస్త్రి. బావను బల్ల ముందు నిలబెట్టారు. మేస్త్రి చెప్పాల్సిన మాటలు వరసగా అమర్చుకుని వచ్చాడు. మొదటి వాక్యం పెదవుల మీదే ఉంది. చొక్కా జేబు బరువుగా ఉంది.

మేనేజరు అడిగాడు. "ఆ రోజు మీరు ట్రిగ్గర్ నొక్కారా, లేదా?"

"నొక్కలేదండీ" అన్నాడు బావ.

మేస్త్రికి తన చెవుల మీద నమ్మకం పోయింది.

"మొదట్లో నొక్కానని చెప్పారు కదా?"

"భయపడి అలా చెప్పాను. చెయ్యి రాలేదండీ. అంతే." గొంతులో తడబాటు లేదు. ఇంట్లో అద్దం ముందు అనుకుని వచ్చినట్టు అన్నాడు.

మేనేజరు కవరు విప్పి తూటాలు చూశాడు. "ఐదుకు ఐదూ" అన్నాడు భద్రతాధికారి, మళ్ళీ ఒకసారి. అప్పుడు మేనేజరు మేస్త్రి వైపు తిరిగాడు. "తుపాకీ సంగతేంటి? పనిచేస్తోందా?"

మేస్త్రి లేచాడు. బావ అతని వైపు తిరిగి చూశాడు. బతిమాలే చూపు కాదది, బెదిరించేదీ కాదు. కుట్టుమిషన్ల కొట్టు ముందు నిలబడి రమ్మని చెయ్యి పట్టుకున్ననాటి పెద్దరికం అందులో ఉంది. మింగలేక కక్కలేక మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు. జేబులో చెయ్యి పెడితే చాలు, మూడు తూటాలు బల్ల మీద పడేస్తే చాలు. గది అంతా అతని నోటి కోసం చూస్తోంది. ఉద్యోగం పోనీ అన్న మాట ఇంట్లో అన్నం తిని అనడం తేలిక. ఇక్కడ మేనేజరు కళ్ళలోకి చూస్తూ అనడం వేరు. అతనికి భయం వేసింది. నిజంగా భయమే వేసింది, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

"పనిచేస్తోందండీ" అన్నాడు.

డ్రైవరు భార్య లేచి బావ ముందుకు వచ్చింది. తిడుతుందనుకున్నారు, కొడుతుందేమో అని భద్రతాధికారి కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె అలాంటిదేమీ చేయలేదు.

"మీరు పక్కనున్నారంటే మా ఆయన ఇంటికి ఫోన్ కూడా చేసేవాడు కాదండీ. అంత నిశ్చింతగా ఉండేవాడు" అంది. బావ తల వంచుకుని నిలబడ్డాడు. అన్నయ్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాడు.

బావకు ఉద్యోగం పోయింది. అది ఎటూ పోయేదే.

గేటు బయట మేస్త్రి పరుగెత్తి బావను అందుకున్నాడు. "ఎందుకిలా చేశావు బావా? నేను చెప్పేవాణ్ణిగా? నేను చెప్పాలనే వచ్చాను" అన్నాడు. ఆ మాట అంటుంటేనే అతనికి సిగ్గుగా అనిపించింది.

బావ నడక ఆపలేదు. "నేను నొక్కానని నాకు తెలిసింది, మీ అక్కకు తెలిసింది. ఇంక నాకు నిద్ర పడుతుంది. ఊళ్ళోవాళ్ళ సర్టిఫికెట్టుతో నాకేం పని? నిన్ను జైలుకు పంపితే మీ అక్క నా కంచంలో అన్నం పెడుతుందా, పెట్టినా నేను తింటానా? ఆ స్ప్రింగు వద్దని ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు. అది నా వాటా."

ఎదురుగా వచ్చిన గార్డులిద్దరు బావను చూసి రోడ్డు అవతలి వైపుకు మారారు. బావ వాళ్ళను చూడనట్టే నడిచాడు.

సందు మలుపు దగ్గర ఆగాడు. "ముందు ఆ స్ప్రింగు మార్చెయ్. రేపు ఇంకెవరి నడుముకో కడతారు."

"సరే బావా."

"ఇంకో మాట. కొన్నాళ్ళు మా ఇంటికి రాకు."

మేస్త్రి మొహం పాలిపోయింది.

"కోపం కాదురా. వీధిలో నలుగురూ నాలుగు మాటలంటారు. నేను పడతాను. కానీ నువ్వు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే నా నోరు ఆగదు, ఏదో ఒకరోజు నిజం చెప్పేస్తాను. రాకు." అని సందులోకి తిరిగి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి రివాల్వరు విప్పాడు. మెత్తటి స్ప్రింగు తీసి పాత గట్టిది వేశాడు. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. బిగించి, తుడిచి, షెడ్డులోకి తీసుకెళ్ళాడు. కొత్త తూటాల పెట్టె పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోకుండా జేబులోంచి ఆ మూడూ తీశాడు. బావ నొక్కాడని చెప్పడానికి ఈ లోకంలో ఉన్న సాక్ష్యం ఆ మూడే. అవి జేబులో ఉన్నంతకాలం మేనేజరు గదికి నడిచి వెళ్ళడానికి దారి ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే గదుల్లో పెట్టి సిలిండర్ మూశాడు.

ఇసుక బస్తాల వైపు తిరిగి ట్రిగ్గర్ లాగాడు. పేలింది. మళ్ళీ లాగాడు, పేలింది. మూడోసారి లాగేటప్పుడు కళ్ళ నిండా నీళ్ళు, బస్తాలు కనిపించలేదు. అదీ పేలింది. తలుపు అవతల నుంచి ఎవరో గార్డు "మేస్త్రీ, బాగానే పనిచేస్తోందా?" అని అరిచాడు.

"చేస్తోంది" అన్నాడు.